గాజు చక్రం ఆరేలోగా

"ఇంకో గంట పడుతుందమ్మా. గాజు చక్రానికి చెమ్మ పట్టింది. కుంపట్లు పెట్టి ఆరబెట్టాలి. అది ఆరితే గానీ దీపం వెలగదు" అని చెప్పి కాంపౌండరు వీరాస్వామి లోపలికి వెళ్ళిపోయాడు. గంటట. లోవలక్ష్మి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కుడివైపుకి ఒరిగి కూర్చుంది, ఎడమ తుంటి చెక్కకి ఆనకుండా. ఏడాదిన్నరగా ఎక్కడ కూర్చున్నా ఇలాగే కూర్చుంటుంది. ఇంట్లో పీట మీదైనా, ఒడ్డున ఇసకలోనైనా, ఆఖరికి తలుపులమ్మ తల్లి గుడి మెట్ల మీదైనా ఇదే ఒరుగు. ఆ తుంటిలో విరిగిన గాలం ముక్క ఉంది. ఉందని అందరికీ తెలుసు, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒంటి లోపలున్న ఎముకల్ని, ఇనుముని చూపించే దీపం ఒకటి దొరసాని ఆసుపత్రిలో ఉందంటే, ఉప్పాడ నుంచి బండి మీద కొంత, కాలవ పడవ మీద కొంత, మూడు రోజులు ప్రయాణం చేసి రాజమంద్రి వచ్చింది. మూడు రోజులు పడ్డదానికి గంట ఎంతలోది. చెమ్మ సంగతి సముద్రం పక్కన పుట్టినదానికి ఒకరు చెప్పాలా, ఉట్టి మీది కుండలో ఉప్పు కూడా నీరైపోయే ఊరు వాళ్ళది. ఇక్కడా పొద్దుటి నుంచి మబ్బే. గోదారి మీంచి వచ్చే గాలి తడితడిగా మొహానికి తగులుతోంది, వంతెన మీద రైలు పోతున్న చప్పుడు ఎంతకీ తెమలడం లేదు. అంత పెద్ద బండి, అంత బరువు, అన్ని నీళ్ళ మీద. ఎవరు మోస్తున్నారో దాన్ని.

మోయడం అనే మాట వచ్చిందంటే చాలు, తుంటి పలుకుతుంది. ఆ రోజు వేటకెళ్ళిన నావ ఒడ్డు చేరుతోంది. ఆడవాళ్ళంతా నడుంలోతు నీళ్ళలోకి దిగి గంపలు అందుకుంటున్నారు. మొగుడు సత్తియ్య గాలాల తాడు చుట్ట చుట్టి నావ అంచు మీద పెట్టాడు, నూరు గాలాలు, ఒక్కొక్కటీ చిటికెన వేలంత. కెరటం నావని ఎత్తి కుదేసింది. తాడు జారడం, ఆమె కాలు జారడం, మొగుడి కేక, అన్నీ ఒక్కసారే. "కదలకే, కదలకు!" గాలం పడ్డ చేపని కదలొద్దంటే ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది. ఒడ్డు మీద ఎవరో పెద్దాయన పట్టుకుని లాగితే సగం వచ్చింది, ముల్లున్న సగం లోపలే విరిగిపోయింది. పసుపు పెట్టారు, వేపాకు కట్టారు, పైన పుండు మానింది. మానిన నాలుగు నెలలకి లోపల మొదలైంది, వాపు, చీము, జ్వరం, నాలుగు రోజులు తగ్గడం, మళ్ళీ వాపు. నాటువైద్యుడు రెండుసార్లు కోసి వెతికాడు. రెండోసారి ఆమె కాళ్ళు పట్టుకున్నవాడు సత్తియ్యే. పట్టుకుని, మొహం సముద్రం కేసి తిప్పుకుని, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గంప నెత్తినెట్టుకుని పిఠాపురం దాకా నడిచిపోయి అమ్ముకొచ్చే మనిషి గుమ్మం దాటడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. జాలరింట్లో మగవాడు సముద్రం నుంచి తెచ్చింది ఆడది ఊళ్ళోకి చేరిస్తేనే పొయ్యి వెలిగేది. అందుకని అరవయ్యేళ్ళ అత్త అచ్చాయమ్మ, ఎప్పుడో దింపేసిన గంప మళ్ళీ ఎత్తుకుంది. ఎత్తుకున్న రోజున మెడ పట్టేసి రాత్రంతా మూలిగింది గానీ కోడల్ని ఒక్క మాట అనలేదు. "నీ తుంటి బాగయిన్నాడు గంప నీ నెత్తినెట్టి, నేను అడ్డపొగ ఏసుకుని అరుగు మీద కూకుంటానే" అని మాత్రం అంటుంది, రోజూ అంటుంది. ఇప్పుడు కూడా ఆసుపత్రి గేటు అవతల, నర్సు చూడకుండా, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. పొగ మాత్రం గేటు దాటి వస్తోంది. ఆ వాసనకి లోవలక్ష్మి కడుపులో తిప్పింది. నోరు మూసుకుంది. తిప్పకూడదు, ఎవరైనా చూస్తారు.

దొరసాని దగ్గరికి మొదటిసారి వచ్చి రెండు నెలలైంది. తెల్లటి మనిషి, కళ్ళజోడు, చల్లటి చేతులు. తుంటి అంతా వేళ్ళతో నొక్కి చూసి, గుడ్డిగా కొయ్యనంది. పక్కనే పెద్ద నరం ఉందట, అది తెగితే మనిషి దక్కదట. దీపం వేసి బొమ్మ తీస్తే ముక్క ఎక్కడుందో తెలుస్తుంది, అప్పుడు కోస్తాను అంది. అయితే ఇవాళ కాదు. బయట చేరి, స్నానం చేశాక పది రోజుల్లోపు రావాలి, పది దాటితే రాకూడదు. మాట దొరసానిది, దాన్ని తెలుగులో చెప్పింది నర్సు ప్రసన్నకుమారి. ఎందుకో కూడా చెప్పిందో, చెప్పబోతుంటే ఎవరైనా పిలిచారో, ఇప్పుడు ఎంత తవ్వుకున్నా లోవలక్ష్మికి గుర్తు రావడం లేదు. అత్త బయటికి రాగానే బుగ్గన వేలేసుకుని, "చూశావంటే! దొరసానమ్మకి కూడా మడి ఉంది" అంది. కోడలికీ అదే అనిపించింది. గాజు చక్రం, నిప్పు లేకుండా వెలిగే దీపం, మాటలా మరి. మైల గాలి సోకితే వెలగదు కాబోలు. తలుపులమ్మ కొండ ఎక్కడానికి నియమం ఉన్నప్పుడు, అన్నవరంలో వ్రతం పీటల మీద కూర్చోవడానికి నియమం ఉన్నప్పుడు, దీనికి మాత్రం ఎందుకుండదు. దొరసానికి వీళ్ళ మడి తెలియదు, వీళ్ళకి దొరసాని లెక్క తెలియదు. మధ్యనున్న ప్రసన్నకుమారి అందరికీ అన్నీ అర్థమయ్యాయనుకుని తలుపు వేసుకుంది. లోకంలో సగం కొంపలు ఇలాగే మునుగుతాయి.

అనకూడదు, మునిగే మాట అనకూడదు. నావ మీద మొగుడున్న ఆడది మునగడం అన్న మాట మనసులో కూడా అనకూడదు. అనకూడనివి ఎన్ని. వేటకి పోతున్నవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. వల ఒడ్డు మీద పడేదాకా చేపలెన్నో అనకూడదు. లెక్క పెట్టిన వల చిరిగిపోతుంది, అది పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. అయినా మొదటిసారి లెక్కపెట్టారు. నెల తప్పిందని తెలిసిన మర్నాడే సత్తియ్య ఒడ్డంతా చెప్పుకొచ్చాడు, పండుగప్ప తెచ్చి పులుసు పెట్టించాడు, కొడుకు పుడితే పేరేంటో కూడా నావ మీద తేల్చేశాడు. మూడో నెలలో, కట్టెలు ఏరుతుంటే, పోయింది. రెండోసారి మొగుడొక్కడికే చెప్పింది. దీపం ఆర్పేసి, దుప్పట్లో, చెవిలో. వాడు నాలుగు రోజులు నోరు కట్టుకున్నాడు పాపం. అయిదో రోజు సముద్రం మీద, ఒడ్డు కనపడని చోట, పక్కవాడితో అన్నాడట. సముద్రం వినదనుకున్నాడు. అదీ పోయింది. అప్పుడు అచ్చాయమ్మ కోడలి తల తన ఒళ్ళో పెట్టుకుని, నూనె రాస్తూ, నెమ్మదిగా చెప్పింది. "ఈసారంటూ వస్తే మూడో నెల దాటి నాలుగులో పడేదాకా నీ నోటంట మాట రాకూడదే. మొగుడికి చెప్పకు, మీ అమ్మకి చెప్పకు. నాకూ చెప్పకు. నా కళ్ళూ మంచివి కావు." ఆ తరవాత గాలం. గాలం తరవాత ఇంకేం వస్తుందిలే అనుకున్నారు అంతా. లోవలక్ష్మి కూడా.

వచ్చింది. దొరసానిని చూసి వెళ్ళాక ఒకసారి బయట చేరింది, ఆ పదిరోజుల్లో సముద్రం పొంగి దారంతా కోసేసి బళ్ళు కదల్లేదు. మళ్ళీ నెల తిరిగింది. రోజు దాటింది, రెండు దాటాయి, ఎనిమిది దాటాయి. ఎండుచేపలు ఆరేసిన వైపు నుంచి గాలి వీస్తే నోట్లో నీళ్ళూరి కడుపు గొంతులోకి వచ్చేది. అత్త రోజూ మొహం కేసి చూసేది, "ఇంకా కూకోలేదేంటే? పడవ చూసుకోవాలి గదా" అనేది. తొమ్మిదో రోజు పొద్దున్నే లోవలక్ష్మి లేచి, చాప తీసుకుని, ఇంటి వెనక తాటాకు పంచలోకి పోయి కూర్చుంది. మూడు రోజులు అక్కడే కూర్చుంది. వేరే కంచం, వేరే చెంబు. మరక లేని గుడ్డల్ని తీసుకుపోయి నలుగురూ చూసేలా ఉప్పునీళ్ళలో జాడించి, పిండి, ఆరేసింది. ఎవరి కన్నూ పడకుండా ఉండాలంటే ఇంతకంటే మంచి దాపు ఏముంటుంది? కడుపుతో ఉన్నదాన్ని వెతుక్కుంటూ వచ్చే చెడుగాలి ఏదైనా ఉంటే, బయట కూర్చున్నదాన్ని చూసి, ఇది కాదులే అని పోతుంది. నాలుగో రోజు నెత్తి మీంచి నీళ్ళు పోసుకుని లోపలికొచ్చింది. ఆ రాత్రి ఆమెకి ఎంత ధైర్యంగా ఉందో! దేవుళ్ళకి కూడా చెప్పకుండా దాచుకున్నది ఒకటి ఆమె దగ్గరుంది. ఇక దొరసాని మడి అంటావా, స్నానం చేసిన మాట నిజమే కదా, మైల లేని మాట మరీ నిజం. అచ్చాయమ్మ ఆ పూట నుంచే వేళ్ళ మీద లెక్క మొదలెట్టింది, ఒకటో రోజు, రెండో రోజు, దారిలో మూడు రోజులూ. రామచంద్రపురం దగ్గర కాలవ గట్టున కొబ్బరినీళ్ళు తాగిస్తూ, "అయిదోది. పదిలోపు కులాసాగా పోతాం" అంది. పొద్దున్న ప్రసన్నకుమారి పుస్తకం తీసి స్నానమై ఎన్నాళ్ళని అడిగితే, కోడలు నోరు తెరవకముందే, "ఇయ్యాళ్టికి ఏడోదండి. నేనే దగ్గరుండి నీళ్ళు పోశాను" అంది. అబద్ధం కాదు. ఆవిడ నోట్లో అది అబద్ధం కాదు.

వరండాలో ఏదో ఖణేలుమంది. వీరాస్వామి పట్టకారుతో నిప్పులు తీసుకొస్తూ జారవిడిచాడు, బొగ్గులు గచ్చు మీద చెదిరాయి. వంగి పట్టకారు అందుకోబోయాడు, వేళ్ళు మూసుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. లోవలక్ష్మి గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ వెళ్ళి పట్టకారు తీసి, బొగ్గులు ఒక్కొక్కటీ కుంపట్లో వేసింది. అప్పుడు చూసింది ఆ చేతిని. చర్మం ఎండిన రొయ్యపొట్టులా పెచ్చులు పెచ్చులుగా ఉంది. గోళ్ళు లేవు. చూపుడువేలు సగమే ఉంది.

"నిప్పులు కాలాయా బాబూ?"

"నిప్పు కాదమ్మా. దీపమే."

"ఎలిగించేటప్పుడు అంటుకుందా?"

"అంటుకునేదైతే చెయ్యి వెనక్కి లాక్కుందును. దీనికి వేడి ఉండదు, నొప్పి ఉండదు" అన్నాడు వీరాస్వామి, గచ్చు మీద చతికిలబడి. పొద్దుటి నుంచీ కుంపట్ల దగ్గర మగ్గినవాడికి మాట్లాడే మనిషి దొరికింది. "దీపం బాగా వెలిగిందో లేదో చూసుకోవడానికి రోజూ నా చెయ్యే అడ్డం పెట్టేవాణ్ణి. ఎముకలు కనపడ్డాయంటే వెలిగినట్టు. నాలుగేళ్ళు. మొదట ఎర్రబడింది, ఎండకనుకున్నాను. తరవాత గోళ్ళు రాలాయి. వేలు పోయినేడు దొరసానమ్మే తీసేశారు. మీరేం భయపడకండి, మీకు ఒక్కసారే. ఒక్కసారికి చర్మం ఏం కాదు."

భయపడలేదు ఆమె. జాలిపడింది. జాలిపడ్డ ఆడవాళ్ళు ఎవరైనా అడిగేదే అడిగింది. "పిల్లలెంతమంది బాబూ?"

అతను కుంపట్లోకి ఊదాడు. బూడిద లేచింది. "లేరమ్మా. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. మా ఇంటిది ఎక్కని కొండ లేదు. దొరసానమ్మకి సముద్రాల అవతల వాళ్ళ సీమ నుంచి పుస్తకాలొస్తాయి గదా. అక్కడెవరో కుందేళ్ళ మీద ఈ దీపం వేసి చూశారట. కుందేళ్ళకి పిల్లలు ఆగిపోయాయట, కుందేళ్ళకి! ఆ పుస్తకం వచ్చిన రోజున నన్ను పిలిచి, వీరాస్వామీ కూర్చో అన్నారు. ఎదురుగా, కుర్చీలో. కుర్చీ చూపించారంటేనే నాకు అర్థమైంది. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నారు పాపం, ఇద్దరం తెలియకే చేశాం. ఆ రోజు పెట్టిందేనమ్మా ఈ పది రోజుల నియమం. ఆడవాళ్ళకి స్నానమైన కొత్తల్లో అయితే కడుపులో ఎవరూ ఉండరు గదా. ఉన్నారో లేదో తెలియని రోజుల్లో వెయ్యకూడదని."

"ఉంటే?" అంది లోవలక్ష్మి. ఆ మాట తనే అన్నదో, గేటు దగ్గర ఎవరైనా అన్నారో తెలియలేదు.

"ఉంటే ఏమవుతుందో దొరసానమ్మకి తెలీదు. పుస్తకాల్లోనూ లేదట ఇంకా. తెలీదు గనకే వెయ్యరు." వీరాస్వామి లేచి, కుంపటి రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తుకుని, "అయిపోవచ్చిందమ్మా, చక్రం ఆరిపోయింది, ఇంకో పావుగంట" అని లోపలికి పోయాడు.

పావుగంట. మడి కాదు. మడి కాదట. లోవలక్ష్మి బల్ల మీద కూలబడింది, తుంటి తగిలిందో లేదో కూడా తెలియలేదు. అమ్మా తలుపులమ్మా, మడి కాదట. ఆ పది రోజుల లెక్క అడిగింది మైల గురించి కాదు, నా గురించే అడిగింది, నీ కడుపులో ఎవరన్నా ఉన్నారా అని సూటిగా అడక్కుండా చుట్టూ తిప్పి అడిగింది, నేను చుట్టూ తిప్పి లేరని చెప్పాను, మూడు రోజులు కూర్చుని మరీ చెప్పాను. ఎంత తెలివి నాది, చెడుగాలికి కనపడకుండా దాచాననుకున్నాను, దాచుకుని దాచుకుని తీసుకొచ్చి సరిగ్గా దీపం కింద పెట్టాను. ఇప్పుడేం చెయ్యను? చెప్పేస్తే? చెప్పినవి రెండూ పోయాయి. చెప్పకపోతే, వీరాస్వామి చెయ్యి. కడుపునొప్పని చెప్పి లేచిపోతే? రేపు రమ్మంటారు, ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు, అత్త వేళ్ళు ఇంకా ఖాళీ ఉన్నాయి. దీపం చూస్తే భయమంటే? ఇంతదూరం వచ్చి భయమా అని అత్తే చెయ్యి పట్టుకుని లోపల పడుకోబెడుతుంది. పాపం అత్త. ఈ ముక్క తీసేస్తే అత్త మెడ మీంచి గంప దిగుతుంది. నా తుంటి నొప్పి దిగుతుంది, రాత్రిళ్ళు సత్తియ్య పక్కకి తిరగాలంటే నన్నడిగి తిరిగే ఖర్మ దిగుతుంది. ఇనప ముక్క ఒకటి, గోరంత కూడా ఉండని ప్రాణం ఒకటి, రెండూ నాలోనే ఉన్నాయి, జానెడు దూరంలో. ఒకదాన్ని చూపించాలంటే రెండోదాన్ని చూపించాలి. అయినా నిజంగా ఉందా? ఎనిమిది రోజులు ఆగడం, కడుపులో తిప్పడం, జ్వరాలు పడ్డ ఒంటికి ఏదైనా అవుతుంది. లేదేమో. లేకపోతే చెప్పి నవ్వులపాలవడం తప్ప ఏముంది, దొంగమైల కూర్చున్న లోవలక్ష్మని ఒడ్డంతా చెప్పుకుంటారు. లేదనుకుంటే హాయిగా ఉంది. లేదనుకోగానే మాత్రం చెయ్యి తనంతట తానే పోయి పొట్ట మీద పడింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. చేతికి తెలుసు. ఒట్టి చోటు మీద పడ్డ చెయ్యి అలా ఉండదు. మరి నోటికి ఏం రోగం? చెడుగాలి వింటుందని గదా. వింటే పోతుందని గదా. వీరాస్వామి ఎవరికి చెప్పుకున్నాడు, ఎవరు విన్నారు, వాడికి రాకుండానే పోయినవాళ్ళు ఎందుకు పోయారు? ఆ దీపానికి చెవులు లేవు. దానికి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చెవులున్న మనుషులకి చెబితేనే అది ఆగుతుంది. దొరసానికి తెలీదట. అంత చదువుకున్నదానికే తెలీదంటే, తెలిసినట్టు మూడు రోజులు కూర్చున్న నేనెవర్ని.

"లోవలక్ష్మీ! రామ్మా" అంది ప్రసన్నకుమారి, తలుపు దగ్గర నిలబడి. అచ్చాయమ్మ చుట్ట ఆర్పి చెవిలో దోపుకుని పరుగున వచ్చింది. కోడలి రెక్క పట్టుకుని లేపి, జబ్బ తట్టి, "కళ్ళు మూసుకుని పడుకో. అయిపోద్ది" అని గుమ్మం దాకా తెచ్చి, తను తెర ఇవతల ఆగిపోయింది. ఆగి, నర్సు కేసి చూడడానికి మెడ తిరగక ఒళ్ళంతా తిప్పింది. గంప మోసి మోసి పట్టేసిన మెడ అది.

గదిలో నల్ల తెరలు, మూల ఎర్ర లాంతరు. అద్దాల పెట్టెలో నిలువెత్తు గాజు చక్రాలు, వాటిని తిప్పడానికి ఇద్దరు మనుషులు. కుంపట్ల వేడికి గది ఉడికిపోతోంది. ఎత్తు బల్ల మీద పడుకోబెట్టారు, తుంటి కింద చల్లటి పలక ఏదో దూర్చారు. దొరసాని ఏదో అంది. "పది నిమిషాలు కదలకూడదు. ఊపిరి నెమ్మదిగా తీసుకో" అంది ప్రసన్నకుమారి. కదలకే, కదలకు. ఇప్పుడు చెప్పాలి. చక్రం తిరగడం మొదలైంది, మొదట తిరగలిలా బరువుగా, తరవాత జోరుగా, చిటపటమంటూ, పిడుగు పడ్డాక వచ్చే వాసన కొట్టింది. ఇప్పుడు చెప్పాలి. లాంతరు మూసేశారు. చీకట్లో గాజుబుడ్డి ఒకటి ఆకుపచ్చగా వెలిగింది. దాన్ని గోడవైపు తిప్పి వీరాస్వామి ఎదురుగా ఒక పలక పట్టుకున్నాడు, మధ్యలో చెయ్యి పెట్టాడు. అదే చెయ్యి. ఇంక పోవడానికేముంది అనుకున్నాడో, అలవాటో. పలక మీద ఎముకలు తేలాయి, సన్నటి పుల్లల్లాంటి ఎముకలు, నాలుగు పొడుగ్గా, ఒకటి సగంలో తెగి. మాంసం లేదు, చర్మం లేదు, మనిషి లేడు. వీరాస్వామి తల ఊపి, చెయ్యి తీసేసి, బుడ్డిని మెల్లగా ఆమె వైపు తిప్పబోయాడు.

"ఆపండి." గాలి వచ్చింది గానీ మాట రాలేదు. చక్రం హోరులో ఎవరికీ వినపడలేదు. లోవలక్ష్మి రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని, తుంటి మీద లేచి కూర్చుంది. కళ్ళమ్మట నిప్పులు రాలాయి. నావ మీదున్నవాణ్ణి ఒడ్డు మీంచి పిలిచినట్టు, గుండెల్లోంచి అరిచింది.

"ఆపండయ్యా! నేను బయట చేరలేదు! ఊరికే కూకున్నాను, మూడ్రోజులూ ఊరికే కూకున్నాను. నా కడుపులో ఉన్నారండి!"

తిప్పేవాళ్ళు చేతులు వదిలేశారు. వదిలేసినా చక్రం వెంటనే ఆగలేదు, తిరిగి తిరిగి, చిటపటలు తగ్గి, చాలాసేపటికి ఆగింది. ఎవరో లాంతరు తెరిచారు. లోవలక్ష్మి వీరాస్వామిని అడిగింది. "నా మీద పడిందా బాబూ?"

"లేదమ్మా. గోడ కేసే ఉంది" అన్నాడు వీరాస్వామి. "మీ మీద పడలేదు. నా మీద పడింది, అంతే."

దొరసాని వచ్చి బల్ల పక్కన నిలబడింది. కోపపడుతుందనుకుంది. ఆవిడ కళ్ళజోడు తీసేసి తుడుచుకుని, లోవలక్ష్మి పాదం మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడింది. ప్రసన్నకుమారి తెలుగు చేసింది. ఆ పది రోజులు ఎందుకో ఆ రోజే విడమరిచి చెప్పాల్సిందట, అది మా తప్పే అంటున్నారు. గాలం ఏడాదిన్నర ఉంది, ఇంకో ఎనిమిది నెలలు ఉండనీ. వాచినా జ్వరమొచ్చినా ఆలస్యం చెయ్యకుండా రా, దీపం లేకుండా చేతనైంది చేస్తాను. చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చాక అప్పుడు దీనిపని చూద్దాం. చంటిబిడ్డ అనగానే లోవలక్ష్మి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది, అనకండమ్మా అన్నట్టు. ప్రసన్నకుమారికి అర్థమైంది కాబోలు, ఆ మాట మళ్ళీ అనలేదు.

తెర తీసుకుని బయటికొచ్చింది. అచ్చాయమ్మ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, రెండు చేతులూ చెవుల మీద గట్టిగా అదుముకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో. వేళ్ళ సందుల్లోంచి చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. కోడలి అడుగుల చప్పుడు గచ్చు మీద తగిలి కళ్ళు తెరిచింది. ఎనిమిది నెలలు, ఆ మెడ మీద, ఇంకో ఎనిమిది నెలలు. లోవలక్ష్మి ఆవిడ మెడ కేసి చూసి తల వంచుకుంది.

"అత్తా..."

"చెప్పకే!" అంది అచ్చాయమ్మ. చుట్టూ చూసింది, కోడలి నెత్తి చుట్టూ చెయ్యి మూడుసార్లు తిప్పి మెటికలు విరిచింది. "నాకేం చెప్పకు. నువ్వు లోపల ఏం అన్లేదు, నేనేం ఇన్లేదు. దీపం ఎలగలేదు, గాలికి చెమ్మగా ఉంది. అంతే. ఊళ్ళో అడిగితే అదే చెబుదాం." కిందనున్న మూట తీసి, అలవాటు కొద్దీ కోడలి చేతికి అందించబోయి, ఆగి, తన నెత్తిన పెట్టుకుంది. మెడ ఒక్కసారి వణికి నిలబడింది. "పద, పడవ తప్పిపోద్ది. మెల్లిగా నడు."

లోవలక్ష్మి మెల్లిగానే నడిచింది. అడుగు వేసినప్పుడల్లా తుంటిలో గాలం గుచ్చుకుంటూనే ఉంది.